ఇంటికో ఖాతా సరే, మనుషుల లెక్క మాటేమిటి?

ప్రశ్న: మా మామగారితో కలిపి వాళ్లు ఆరుగురు తోబుట్టువులు. వాళ్ల పిల్లలు, మనవలు, మునిమనవలు అందరం కలిసి రెండు రోజుల కుటుంబ సమ్మేళనం పెట్టుకున్నాం. పేర్ల నమోదు పని నా మీద పడింది. గందరగోళం లేకుండా ఇంటికి ఒక ఖాతా చొప్పున తెరిచి, ఆ ఇంటివాళ్లందరినీ అందులోనే చేర్చమని చెప్పాను. 34 ఖాతాలు వచ్చాయి. మొత్తం 131 మంది తేలారు. మా అత్తగారు వేళ్ల మీద లెక్కపెడితే 122 మందే. ఒక పెదమామగారు ఇద్దరు కొడుకుల జాబితాల్లోనూ ఉన్నారు. విడిపోయిన ఒక జంట తమ ఇద్దరు పిల్లలనూ ఎవరికి వారు రాసుకున్నారు. జాబితాలో ముగ్గురు ‘బుజ్జి’లు ఉన్నారు, ఎవరు ఎవరో తెలియదు. మా మరిది ఎంతకీ నింపకపోతే వాళ్ల నలుగురినీ నా ఖాతాలోనే చేర్చాను. ‘మమ్మల్ని మీ కింద ఎందుకు రాశారు వదినా’ అని అలిగి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఫోన్లలో ఫ్యామిలీ గ్రూపు ఉంటుంది కదా, అందరినీ అందులో పెడితే సరిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఇంతలో నా పాస్‌వర్డ్ నలుగురి చేతికి వెళ్లింది. ఏం చేయమంటారు?
– ఒక పెద్దకోడలు

సమాధానం:

పెద్దకోడలు గారికి,

ముందు ఆ తొమ్మిది మంది సంగతి తేల్చుకుందాం. ముగ్గురు మీ ఉత్తరంలోనే దొరికారు: రెండు చోట్ల ఉన్న పెదమామగారు ఒకరు, విడిపోయిన జంట పిల్లలు ఇద్దరు. మిగిలిన ఆరుగురి కోసం వేరు కాపురం పెట్టిన కొడుకులు, కూతుళ్ల పేర్లు వెతకండి. తల్లిదండ్రులు ‘మా పిల్లలే కదా’ అని తమ ఖాతాలో రాసేసి ఉంటారు. ఆ పిల్లలు తమ ఖాతాలో తమను తాము రాసుకుని ఉంటారు. ఒక జంట, ఒక పసిబిడ్డ ఇలా రెండు చోట్ల పడితే చాలు, లెక్క మూడు పెరుగుతుంది. అలాగని అత్తగారి లెక్కను కూడా వేదంగా తీసుకోకండి. వేళ్ల మీద లెక్కపెట్టేవారికి చిన్నప్పటి నుంచి ఎరిగిన ముఖాలు ముందు గుర్తొస్తాయి. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు, కొత్తగా వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు జారిపోతుంటారు. అసలు సంఖ్య 131 కాదు సరే, 122 కూడా కాకపోవచ్చు.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. మీరు ఇళ్లను లెక్కపెట్టారు, వచ్చేది మనుషులు. చిక్కంతా అక్కడే ఉంది. ఇంటికి ఒక ఖాతా అన్న ఆలోచన మంచిదే, వదులుకోవద్దు. 131 మందికి విడివిడిగా ఫోన్లు చేయడం ఎవరి తరమూ కాదు. కానీ ఖాతా తెరిచిన మనిషి మీకు జవాబు చేరవేసే మనిషి మాత్రమే. ఆ ఇంట్లో మిగతావాళ్లు ఎవరు, వస్తారా రారా, ఏ పేరుతో ఉంటారు అన్నవి ఎవరివి వారివి. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపేసినందువల్లే పెదమామగారు ఇద్దరయ్యారు, మీ మరిది మీ ‘కింద’కు వచ్చారు. ఆయన సంగతి చివర చెబుతాను. పట్టిక సరిచేయకుండా ఫోన్ చేస్తే మళ్లీ అదే గొడవ మొదలవుతుంది.

వంశవృక్షాలను కంప్యూటర్లో పెట్టేవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో ఎదుర్కొన్నారు. ఒక ప్రోగ్రాంలో రాసుకున్న వంశవివరాలు మరో ప్రోగ్రాంలోకి చెక్కుచెదరకుండా వెళ్లేందుకు 1984లో జెడ్‌కామ్ అనే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ దాన్నే సవరించుకుంటూ వాడుతున్నారు. 2021లో ఏడో రూపం విడుదలైంది. అందులో మనిషికి ఒక పత్రం, కుటుంబానికి విడిగా మరో పత్రం ఉంటాయి. మనిషి పత్రం నుంచి కుటుంబ పత్రానికి రెండు రకాల ముడులు పడతాయి: ఫలానా కుటుంబంలో బిడ్డ, ఫలానా కుటుంబంలో భార్య లేదా భర్త. ఒకే స్త్రీ ఒక కుటుంబంలో కూతురు, ఇంకో కుటుంబంలో ఇల్లాలు. ముడులు రెండు ఉన్నా ఆమె పత్రం ఒక్కటే, కాబట్టి ఎన్ని ఇళ్లతో సంబంధం ఉన్నా మనిషి రెండుసార్లు లెక్కకు రాదు.

మీకు ఆ ప్రోగ్రాంలు అవసరం లేదు. ఆ పద్ధతిని రెండు మామూలు షీట్లలో పెట్టుకోవచ్చు. ఒకటి ఇళ్ల షీటు: ఇంటి సంఖ్య, ఎవరికి ఫోన్ చేయాలి, వారు దొరక్కపోతే రెండోవారు ఎవరు, నంబర్లు. అంతే, అందులో కుటుంబ సభ్యుల పేర్లు రాయకండి. రెండోది మనుషుల షీటు: ఒక మనిషికి ఒక వరుస, వయసుతో నిమిత్తం లేకుండా. ఆ వరుసలో మనిషి సంఖ్య, పూర్తి పేరు, పిలిచే పేరు, ఏ శాఖ, ఏ ఇంటి సంఖ్య, మొదటి రోజు, రెండో రోజు, ప్రత్యేక అవసరాలు. ఎంతమంది వస్తున్నారన్న లెక్క ఈ షీటు నుంచే తీయాలి. ఇళ్ల షీటులో ‘మేం అయిదుగురం’ అన్న గడి ఉండనే కూడదు. అది ఉంటే ఎవరో ఒకరు దాన్నే కూడేస్తారు.

ఒక ఇల్లంటే ఏమిటో కూడా మీరు ముందే తేల్చి చెప్పాలి, లేకపోతే 34 మంది 34 రకాలుగా అనుకుంటారు. జనాభా లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శకాలు తిండి, ఇతర అవసరాలు ఉమ్మడిగా చూసుకునేవాళ్లను ఒక గృహంగా భావిస్తాయి. తన అవసరాలు తాను చూసుకునే ఒంటరి మనిషిని కూడా ఒక గృహంగానే లెక్కిస్తాయి. ఈ రెండో మాట మీకు బాగా పనికొస్తుంది. ఒంటరిగా ఉండే అత్తయ్యనో బాబాయినో దగ్గరి బంధువుల ఖాతాకు తోకలా తగిలించకండి. వారికి సొంత ఇంటి సంఖ్య ఇవ్వండి. సమ్మేళనం వరకు నేనైతే ఇంకా తేలికైన నిర్వచనం పెట్టుకుంటాను: ఒక్క ఫోన్‌తో ఎంతమంది తరఫున నమ్మదగిన జవాబు దొరుకుతుందో అంతమందీ ఒక ఇల్లు. ఒకే కప్పు కింద ఉన్నా మాటలు లేని అన్నదమ్ములు రెండు ఇళ్లు. వేర్వేరు ఊళ్లలో ఉన్నా రోజూ మాట్లాడుకునే తల్లీ కూతుళ్లు కోరుకుంటే ఒకే ఇల్లు.

ఈ లెక్కన పెదమామగారికి తన సొంత ఇంటి సంఖ్య ఉండాలి. ఆయన వరుసలో ఆయన ఒక్కరే. ఫోన్ చేయవలసిన వాళ్లుగా కొడుకులిద్దరి పేర్లూ రాయండి. ఆయన ఈ నెల ఎవరి దగ్గర ఉన్నారన్నది మీ పట్టికకు సంబంధించిన విషయం కాదు. ఏ కొడుకుతో బయలుదేరతారు, ఎవరి గదిలో ఉంటారు అన్నవి ఆయన వరుసలోనే ఒక గడిలో పెడితే చాలు. పైగా ఇలా చేస్తే, ‘నాన్న మా లెక్కలో ఉన్నారు’ అన్న మాట మీద ఇద్దరు అన్నదమ్ముల మధ్య పోటీ ఉండదు. ఉందని మీరు రాయలేదు, కానీ ఇద్దరూ రాసుకున్నారంటే కొంచెం ఉందనే అనుకుంటున్నాను.

విడిపోయిన జంట పిల్లల విషయం ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. పిల్లలిద్దరికీ చెరొక వరుస, ఒక్కసారే. ‘ఎవరి పిల్లలు’ అన్న ప్రశ్న మీ షీటులో ఎక్కడా కనిపించకూడదు. దాని బదులు మొదటి రోజు ఎవరితో, రెండో రోజు ఎవరితో అని రెండు గడులు ఉంచండి. తల్లికీ తండ్రికీ విడివిడిగా ఒకే సందేశం పంపండి. ఇద్దరి జవాబులూ కలిస్తే సరే. కలవకపోతే మీరు తీర్పు చెప్పకండి, ‘మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పేవరకు ఖాళీగా ఉంచుతాను’ అనండి. ఒకరు రాసినదాన్ని రెండోవారికి చూపించి ఒప్పించే ప్రయత్నం మాత్రం వద్దు. అది బంధువులకు ఎప్పుడూ కలిసిరాని పని.

ఇక బుజ్జిల సంగతి. మనిషికి మాయని గుర్తు పేరు కాదు, సంఖ్య. ప్రతి మనిషికీ 1 నుంచి మొదలుపెట్టి వరసగా ఒక సంఖ్య ఇచ్చేయండి, దాన్ని ఎన్నడూ మార్చకండి, ఎవరైనా తప్పుకున్నా ఆ సంఖ్యను ఇంకొకరికి ఇవ్వకండి. అది కాక, బంధుత్వం తెలిసేలా శాఖ సంఖ్య అని ఇంకో కాలమ్ పెట్టుకుంటే అందంగా ఉంటుంది. జాక్ దాబొవీల్ అనే ఫ్రెంచి వంశచరిత్రకారుడు 1940లో రూపొందించిన పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. మూలపురుషుడు 1. ఆయన ఆరుగురు పిల్లలు పుట్టిన క్రమంలో 1.1 నుంచి 1.6 వరకు. మీ మామగారు మూడోవారైతే 1.3. ఆయన పెద్దకొడుకైన మీవారు 1.3.1, మీ మరిది 1.3.2, మరిది పిల్లలు 1.3.2.1, 1.3.2.2. భార్యకో భర్తకో అదే సంఖ్య పక్కన ఒక అక్షరం చేర్చండి. చుక్కలు లెక్కపెడితే ఎన్నో తరమో తెలిసిపోతుంది. ఇద్దరి సంఖ్యలు మొదటి నుంచి ఎంతవరకు కలుస్తున్నాయో చూస్తే ఎక్కడ విడిపోయారో తెలుస్తుంది. సమ్మేళనంలో ఛాతీ మీద పెట్టుకునే పేరు చీటీ మీద ఈ సంఖ్య కూడా రాయించండి. ‘నువ్వు ఎవరి అబ్బాయివి?’ అని రోజంతా చెప్పించుకునే బాధ పిల్లలకు తప్పుతుంది.

ఒక ఇబ్బంది ఉంది. షీటులో 1.10 అని టైపు చేసి చూడండి. అది దశాంశమనుకుని కంప్యూటర్ దాన్ని 1.1 చేసేస్తుంది. అంటే పదో సంతానం మొదటి సంతానం అయిపోతుంది. కొన్ని అమరికల్లో 1.3.2ను తేదీగా కూడా మార్చేస్తుంది. ఏమీ రాయకముందే ఆ కాలమ్‌ను మామూలు అక్షరాల రూపంలోకి మార్చుకోండి. ఫోన్ నంబర్లకూ ఇదే జబ్బు: ముందున్న సున్నా ఎగిరిపోతుంది, ప్లస్ గుర్తు మాయమవుతుంది. బంధువులు వేర్వేరు దేశాల్లో ఉంటే ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సహా రాయించుకోండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అన్నీ కలిపి 15 అంకెలకు మించవు కాబట్టి అంతకన్నా పొడవున్నది ఏదైనా తప్పే. తేదీలు 03/04 అని రాస్తే కొందరికి అది ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాయించండి. పూర్తి పేరు గడిలో కొందరు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు వెనక. పేర్ల కోసం రెండు గడులు ఉంచి, దేనిలో ఏది రాయాలో స్పష్టంగా చెప్పండి. బస చేసే చోటైనా ప్రయాణ టికెట్టయినా గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేరు ఉండాలి కాబట్టి ‘బుజ్జి’ పిలిచే పేరు గడిలోకి వెళ్తుంది. ముగ్గురు బుజ్జిలున్నా ఇబ్బంది లేదు.

శాఖ సంఖ్యలతో ఒక హెచ్చరిక. దత్తత వచ్చిన బిడ్డకు, మారుటి పెళ్లితో వచ్చిన బిడ్డకు వేరే గుర్తు పెట్టకండి, ఆ ఇంటి పిల్లల వరసలోనే సంఖ్య ఇవ్వండి. చదువుకున్న చుట్టాలు కొందరు ‘అసలు వంశవృక్షంలో అలా రాయరు’ అంటారు. మీరు తయారుచేస్తున్నది వచ్చేవాళ్ల జాబితా అని చెప్పి ముందుకు సాగిపోండి.

మీ అబ్బాయి చెప్పిన ఫ్యామిలీ గ్రూపు ఈ పనికి పనికిరాదు. అతను తెలివైనవాడే, కానీ ఆ ఏర్పాటు ఒకే ఇంట్లో ఉండేవాళ్ల కోసం. గూగుల్‌లోనూ యాపిల్‌లోనూ ఒక గ్రూపులో నిర్వాహకుడితో కలిపి ఆరుగురే ఉండగలరు. ఒక మనిషి ఒకేసారి ఒక్క గ్రూపులోనే ఉండాలి, ఒకదాని నుంచి మరోదానికి మారడం ఏడాదికి ఒక్కసారే కుదురుతుంది. రెండు రోజుల సందడి కోసం బంధువును మీ గ్రూపులోకి లాగితే అతను తన ఇంటి గ్రూపును వదులుకోవలసి వస్తుంది, మళ్లీ వెనక్కి వెళ్లడానికి నెలల తరబడి ఆగాలి. యాపిల్‌లో కొనుగోళ్లు పంచుకునే వెసులుబాటు తెరిచి ఉంటే, మిగతావాళ్లు కొన్నవాటి డబ్బు కూడా నిర్వాహకుడి కార్డు నుంచి పోవచ్చు. అవన్నీ మీకెందుకు?

పాస్‌వర్డ్ నలుగురి దగ్గర ఉందన్నారు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది మార్చి రండి. నలుగురూ మంచివాళ్లే కావచ్చు. కానీ ఎవరు ఏ పేరు తీసేశారో, ఎవరు ఏ నంబరు మార్చారో రేపు కనుక్కోలేరు. అందరూ మీ పేరుతోనే లోపలికి వస్తున్నారు కాబట్టి నింద కూడా మీ మీదకే వస్తుంది. పాస్‌వర్డ్ ఇవ్వకుండానే, ఎవరి సొంత ఖాతాకు వారికి షీటులో మార్పులు చేసే అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు ఏ మార్పు ఎవరు చేశారో పాత ప్రతుల చరిత్రలో పేరుతో సహా కనిపిస్తుంది, అవసరమైతే నిన్నటి రూపానికి వెనక్కి వెళ్లవచ్చు. ఆ అనుమతి ఇద్దరికి మించి ఇవ్వకండి: మీరు, ఇంకో శాఖ నుంచి ఒకరు. రెండోవారు వేరే శాఖవారు కావడం ముఖ్యం. పట్టిక ఒకే ఇంటి చేతిలో ఉందన్న గుసగుస అప్పుడు పుట్టదు.

మీ సొంత ఖాతా కాకుండా సమ్మేళనం కోసమే ఒక ఖాతా తెరవడం ఇంకా మంచిది. షీట్లు, ఫారం, ఫొటోలు అన్నీ అందులో ఉంటాయి, పని అయ్యాక మూసేయవచ్చు. కానీ లోపలికి వెళ్లే కోడ్ మీ ఒక్కరి ఫోన్‌కే వస్తే, మీరు ప్రయాణంలో ఉన్నప్పుడు పని ఆగిపోతుంది. గూగుల్ ఖాతాకైతే ముందుగానే పది అదనపు కోడ్‌లు తీసి పెట్టుకోవచ్చు, ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి ఆ రెండోవారికి ఇవ్వండి. వాట్సాప్‌లో మాత్రం పంపకండి.

పిల్లలకు విడిగా ఖాతాలు వద్దు. చాలా దేశాల్లో గూగుల్ ఖాతాను సొంతంగా నడుపుకోవడానికి కనీసం 13 ఏళ్లు ఉండాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పిల్లల వరుసను తల్లో తండ్రో నింపితే చాలు. అయితే పదహారు, పదిహేడేళ్ల వాళ్లను మాత్రం ఒక్క మాట అడిగించండి. ‘మా అమ్మ నన్ను అడగకుండానే వస్తానని రాసేసింది’ అని మూతి ముడుచుకుని మూల కూర్చునే కుర్రవాడు ప్రతి సమ్మేళనంలోనూ ఒకడుంటాడు.

అదే మాట పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. ఖాతా తెరిచిన భర్త ‘అందరం వస్తాం’ అంటాడు. భార్యకు ఆ రోజు సెలవు దొరకదన్న సంగతి చివరి వారంలో బయటపడుతుంది. అందుకే వస్తున్నారా అన్న ప్రశ్న ఇంటికి కాదు, మనిషికి, అదీ రోజుకు వేయాలి. జవాబులు మూడే: వస్తున్నారు, రావడం లేదు, ఇంకా తేలలేదు. గడి ఖాళీగా ఉందంటే రావడం లేదని కాదు, మీరింకా అడగలేదని. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చివరి రోజున ‘మమ్మల్ని పిలవలేదు’ అన్న ఫిర్యాదులు వస్తాయి. ప్రతి ఇంటికీ ఇలాంటి సందేశం ఒకటి వెళ్లాలి:

‘మీ ఇంటి నుంచి ఈ నలుగురి పేర్లు మా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరి ఎదురుగా మొదటి రోజు, రెండో రోజు జవాబులు ఉన్నాయి. దయచేసి పెద్దవాళ్లు ఎవరి జవాబు వారే చూసుకోండి. ఎవరి పేరైనా మరో చోట కూడా ఉండవచ్చనిపిస్తే చెప్పండి, ఒకటి తీసేస్తాం. ఈ తేదీ తర్వాత మార్పులు ఫోన్‌లో మాత్రమే.’

ఆ సందేశాన్ని పెద్ద గ్రూపులో పెట్టకండి. అందులో ఎవరు రావడం లేదో అందరికీ తెలిసిపోతుంది, వెంటనే బతిమాలడాలు, దెప్పిపొడుపులు మొదలవుతాయి. వాట్సాప్‌లో అందరికీ విడివిడిగా వెళ్లేలా ప్రసార జాబితా పెట్టుకునేటట్లయితే ఒకటి గుర్తుంచుకోండి: మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే అది చేరుతుంది. దూరపు చుట్టాలకు అందలేదంటే కారణం చాలాసార్లు అదే.

ఏం అడగాలన్నది ఎంత ముఖ్యమో ఏం అడగకూడదన్నది అంతకన్నా ముఖ్యం. పుట్టిన తేదీ మొత్తం మీకు అవసరం లేదు, వయసు ఏ మధ్యలో ఉందో చాలు: అయిదేళ్ల లోపు, పన్నెండు లోపు, పెద్దవాళ్లు, డెబ్బై దాటినవాళ్లు. గుర్తింపు కార్డు నంబర్లు అసలే వద్దు. టికెట్ కొనేవారికి అవసరమైతే వారే నేరుగా ఇచ్చుకుంటారు. ఆలోచించి చూడండి: తల్లి పుట్టింటి ఇంటిపేరు, చిన్నప్పటి ముద్దుపేరు, పుట్టిన తేదీ. ఖాతాల భద్రత కోసం అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. వంశవృక్షంతో సహా ఇవన్నీ ఒకే షీటులో పెట్టి 34 ఇళ్లకు పంపితే, ఆ జవాబులన్నీ మీరే పంచిపెట్టినట్టు. అందరికీ చూపించే షీటులో పేరు, శాఖ చాలు. ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు విడి ఫైలులో, మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. కాలమ్‌ను దాచిపెట్టడం రక్షణ అనుకోకండి. మార్పులు చేసే అనుమతి ఉన్నవారెవరైనా దాన్ని ఒక్క నొక్కుతో తెరవగలరు.

ఆరోగ్యం గురించి కూడా జబ్బు పేరు అడగకండి, అవసరం అడగండి. మెట్లు ఎక్కగలరా, రాత్రి మందులకు చల్లటి పెట్టె కావాలా, ఏ పదార్థమైనా పడదా. ఇంతకుమించి తెలుసుకుని మీరు చేసేది ఏమీ లేదు.

ఖర్చు సంగతి మీరు అడగలేదు, కానీ అడిగే రోజు దగ్గరలోనే ఉంది. ఇంటికి ఇంత అని పెట్టకండి. ఒంటరిగా వచ్చే అత్తయ్య, ఏడుగురితో వచ్చే అన్నయ్య ఒకే మొత్తం ఎలా ఇస్తారు? పెద్దలకు ఒక భాగం, పిల్లలకు అర భాగం, పసివాళ్లకు ఏమీ లేదు అనుకుంటే, ఇద్దరు పెద్దలు ముగ్గురు పిల్లలున్న ఇల్లు మూడున్నర భాగాలు ఇస్తుంది. మనుషుల షీటు సరిగా ఉంటే ఈ కూడిక దానంతట అదే వస్తుంది. డబ్బు కట్టడం మాత్రం ఇంటికి ఒకరే, ఒకేసారి. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్న జాబితా మీ ఇద్దరి కళ్లకే.

గడువు తేదీ దాటాక షీటును చూడటానికి మాత్రమే వీలుండేలా మార్చేసి, రెండు ప్రతులు అచ్చు తీయండి: ఒకటి ఇళ్ల క్రమంలో, ఒకటి పేర్ల అక్షర క్రమంలో. గుమ్మం దగ్గర కూర్చున్నవారికి రెండోదే పనికొస్తుంది, ఎందుకంటే వచ్చిన మనిషి తన పేరు చెబుతాడు కానీ ఇంటి సంఖ్య చెప్పడు. టిక్కు కూడా ఇంటికి కాదు, మనిషికే పెట్టాలి. తండ్రి వచ్చి సంతకం పెట్టాడని నలుగురికీ టిక్కు పెడితే, ఇంకా దారిలో ఉన్న అమ్మాయి కోసం ఎవరూ చూడరు. సమ్మేళనం అయిపోయాక ఫోన్ నంబర్లు, అవసరాలు ఉన్న ఫైలును తుడిచేస్తామని ముందే చెప్పి, నిజంగానే తుడిచేయండి. వంశవృక్షం ఉంచుకోండి.

ఇప్పుడు మీ మరిది. అమెరికా జనాభా లెక్కల పత్రాల్లో చాలాకాలం ‘కుటుంబ పెద్ద’ అన్న గడి ఉండేది. 1980 లెక్కల నుంచి దాన్ని తీసేశారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషిని మొదటి వరుసలో రాసి, మిగతావాళ్లు ఆ మనిషికి ఏమవుతారో అడగడం మొదలుపెట్టారు. లెక్కకు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, అంతవరకే ఆ మొదటి మనిషి పని, పెద్దరికంతో సంబంధం లేదు. మీ ఫారంలో ‘ఇంటి యజమాని’ అనో ‘ప్రధాన సభ్యుడు’ అనో ఉంటే తీసేసి, ‘మేం ఎవరికి ఫోన్ చేయాలి?’ అని రాయండి. తర్వాత మీ ఖాతా నుంచి వాళ్ల నలుగురినీ తీసి కొత్త ఇంటి సంఖ్య ఇవ్వండి. ఆయన సంఖ్య 1.3.2, మీవారిది 1.3.1. ఇద్దరూ 1.3 నుంచి వచ్చినవారే, ఎవరూ ఎవరి కిందా లేరు.

ఇదంతా అయ్యాకే ఫోన్ చేయండి. సంజాయిషీ పొడిగించవద్దు. ‘నువ్వు నింపలేదు కాబట్టి నేను నింపాను’ అన్న మాట నిజమే అయినా ఇప్పుడు అనకండి. ‘మీ ఇంటిని విడిగా పెట్టాను, మీ నలుగురి వరుసలు పంపుతున్నాను, ఒకసారి చూసి సరిచేయండి’ అంటే చాలు. ఫారం నింపడం ఆయనకు బద్ధకమైతే ఫోన్‌లోనే అడిగి మీరు రాసుకోండి. ఆయన జవాబు మీరు రాయడం వేరు, ఆయన్ని అడగకుండా రాయడం వేరు. ఆయనకు కోపం వచ్చింది రెండోదానికి.

అప్పటికీ ఫోన్ ఎత్తకపోతే మీ తోటికోడలికి చేయండి. ఆవిడ వరుస ఆవిడది, పిల్లల వరుసలు ఆవిడా నింపవచ్చు. మూడు వరుసలు నిండి తన ఒక్కరి గడి ‘ఇంకా తేలలేదు’ అని మిగిలితే, ఆయనే మీకు ఫోన్ చేస్తారు.